టెక్నికల్ వాళ్లకి పబ్లిక్ స్పీకింగ్ కోర్సు: డబ్బు కట్టేముందు ఇది చదవండి

కోర్సు నిన్న సాయంత్రం అయిపోయింది. కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఇప్పుడే రాస్తున్నా, ఎందుకంటే వచ్చే శనివారం ఇంకో బ్యాచ్ మొదలుపెడుతున్నారు. పేరు చెప్పను. ఆ ప్రకటన మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది: "ఇంజినీర్లకూ, డేటా వాళ్లకూ, పరిశోధకులకూ ప్రత్యేకంగా తయారుచేసిన 2 రోజుల శిక్షణ. ప్రతి ఒక్కరికీ 4 సార్లు స్టేజీ. వ్యక్తిగత ఫీడ్‌బ్యాక్. మీ ప్రెజెంటేషన్ల వీడియో మీకే." ఈ నాలుగు హామీలు చూసే అందరం డబ్బు కట్టాం. నాలుగింట్లో ఒక్కటి కూడా నిలబెట్టుకోలేదు.

మొదటి రోజు సంగతి తొందరగా చెప్పేస్తా. 28 మంది ఉన్నాం. పొద్దున్నంతా ఎలా నిలబడాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, చప్పట్ల ఆటలు. మధ్యాహ్నం మనిషికి 3 నిమిషాలు స్వపరిచయం. రెండో రోజు మధ్యాహ్నం ఆఖరి ప్రెజెంటేషన్, మనిషికి 4 నిమిషాలు. అసలు విషయం అక్కడే ఉంది.

బ్యాచ్‌లో ఒక డేటాబేస్ ఇంజినీర్ ఉన్నారు. పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి మారే ప్లాన్‌ని ఆఫీసులో మేనేజర్ల ముందు చెప్తే ఎవరి చెవికీ ఎక్కలేదట. మళ్లీ చెప్పాల్సి ఉంది కాబట్టి కోర్సుకి వచ్చారు. అదే ప్రెజెంటేషన్ ఇక్కడ ఇచ్చారు. స్లైడ్ పైన "మైగ్రేషన్ ఓవర్‌వ్యూ" అని హెడ్డింగ్. కింద 9 బుల్లెట్లు. ఏడో బుల్లెట్‌లో చిన్న అక్షరాలతో "రోల్‌బ్యాక్ సుమారు 40 ని., విండో 30 ని." అని ఉంది. అంటే మధ్యలో ఏదైనా చెడితే పాత స్థితికి రావడానికే 40 నిమిషాలు పడుతుంది, సిస్టమ్ ఆపి ఉంచడానికి ఇచ్చింది 30 నిమిషాలే. మేనేజర్లు వినాల్సిన మాట మొత్తం మీద అదొక్కటే. ఆవిడ అక్కడికి వచ్చేసరికి మూడు నిమిషాలు దాటిపోయాయి. గొంతులో కంగారు తెలుస్తోంది, మాట వేగం పెరిగింది. ఆ లైను చదివేసి ఎనిమిదో బుల్లెట్‌కి వెళ్లిపోయారు.

ట్రైనర్ అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తి అన్న మాట ఇది: "మేడమ్, మీరు చెప్పింది నాకైతే అర్థం కాలేదు, అది నా సబ్జెక్ట్ కాదు. కానీ ఎనర్జీ తగ్గిందండి. కాస్త నవ్వండి, స్టేజీ అంతా తిరగండి. పదికి ఆరు."

ఆవిడ మర్యాదగానే అడిగారు: "సార్, ఏ స్లైడ్ తీసేయమంటారు? వినేవాళ్లకి ఎక్కడ తెగిపోతోంది?"

"కంటెంట్ మీ ఇష్టం మేడమ్. మేం డెలివరీ మాత్రమే చూస్తాం. నెక్స్ట్."

ఆవిడ ల్యాప్‌టాప్ మూసుకుని వచ్చి కూర్చున్నారు. చుట్టూ చప్పట్లు కొట్టించారు.

ఆ "నాకు అర్థం కాలేదు" అన్న మాట ఉంది చూశారా, ఆ గదిలో రెండు రోజుల్లో వచ్చిన అసలైన ఫీడ్‌బ్యాక్ అదొక్కటే. డేటాబేస్ తెలియని మనిషి విన్నాడు, ఒకచోట తెగిపోయింది. ఎక్కడ తెగిందో, ఏ పదం దగ్గర తెగిందో చెప్తే ఆవిడ పని సగం అయిపోయేది. దానికి సబ్జెక్ట్ తెలియాల్సిన పనే లేదు, శ్రద్ధగా వింటే చాలు. "ఇంజినీర్ల కోసం ప్రత్యేకంగా" అని రాసి డబ్బు తీసుకున్న మనిషి వినలేదు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

స్లైడ్‌లో ఏడో లైనే కదా, ఇంత గొడవెందుకు అనుకోవద్దు. 2003లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వ్యోమనౌక కొలంబియా షటిల్ ఎగిరేటప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క రెక్కకి తగిలింది. షటిల్ ఇంకా అంతరిక్షంలో ఉండగానే ఇంజినీర్లు ఆ దెబ్బ మీద స్లైడ్లు తయారుచేశారు. ఒక స్లైడ్ హెడ్డింగ్ చదివితే, పాత పరీక్షల ప్రకారం పెద్ద భయం లేదేమో అనిపిస్తుంది. అట్టడుగు లైన్లలో మాత్రం తగిలిన ముక్క 1920 ఘనపు అంగుళాలు, పరీక్షల్లో వాడింది 3 ఘనపు అంగుళాలు అని ఉంది. 640 రెట్లు తేడా! అంటే ఆ పరీక్షల డేటా ఈ దెబ్బకి వర్తించదు. హెడ్డింగ్‌లో ఉండాల్సిన మాట అడుగున ఉంది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ షటిల్ ముక్కలైంది, లోపల ఉన్న ఏడుగురూ చనిపోయారు. ఆ స్లైడ్ ఒక్కదానివల్లే అలా జరిగిందని అనడం లేదు. కానీ విచారణ బోర్డు అదే ఏడాది ఆగస్టు నివేదికలో ఆ స్లైడ్‌ని ప్రత్యేకంగా ఎత్తిచూపింది. మన వాళ్లకి ఉన్న జబ్బు సరిగ్గా ఇదే. దీనికి మందు నవ్వడం కాదు.

ఆ గదిలో ఆవిడకి చెప్పాల్సింది ఇది. హెడ్డింగ్‌లో టాపిక్ పేరు తీసేసి, చెప్పదలుచుకున్న మాటని పూర్తి వాక్యంగా పెట్టాలి: "రోల్‌బ్యాక్‌కి 40 నిమిషాలు కావాలి, మనకున్నది 30." రెండు లైన్లు దాటకూడదు. కింద బుల్లెట్లు వద్దు, రెండు కడ్డీలున్న బొమ్మ చాలు, ఒకటి 40, ఒకటి 30. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ ఆలీ ఏళ్లపాటు ఇంజినీర్లకి నేర్పిన పద్ధతి ఇదే: పైన ఒక వాక్యం, కింద దానికి ఆధారం. మిగతా 8 బుల్లెట్లలో రెండు నోటితో చెప్పొచ్చు, ఆరు చివర్లో అనుబంధం స్లైడ్లలోకి వెళ్లాలి, ఎవరైనా అడిగితే తీయడానికి. ఇక మొదటి 30 సెకన్లలో అడగాల్సింది అడిగేయాలి: "విండోని 90 నిమిషాలకి పెంచడానికి ఈరోజు మీ అనుమతి కావాలి." మేనేజర్లు అప్పుడు తలెత్తుతారు. కారణాలు తర్వాత.

మనం పని ఏ వరసలో చేశామో అదే వరసలో చెప్తాం. ముందు నేపథ్యం, తర్వాత పద్ధతి, ఆఖరున ఫలితం. వినేవాళ్లకి కావాల్సిన వరస దీనికి తలకిందులు. పైగా మనకి తెలిసింది ఎదుటివాళ్లకి తెలియదన్న సంగతి మన బుర్రకి తట్టదు. 1990లో స్టాన్‌ఫోర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగం ఉంది: కొందరు బల్ల మీద వేళ్లతో పాట దరువు వేస్తారు, ఎదుటివాళ్లు ఆ పాటేదో చెప్పాలి. ఎదుటివాళ్లు సగం పాటలు గుర్తుపడతారని దరువు వేసేవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో గుర్తుపట్టింది 3. దరువు వేసేవాళ్ల చెవిలో పాట మోగుతోంది, ఎదుటివాళ్లకి టకటకలే. సిస్టమ్ ఎలా కట్టామో చూపించే మన ఆర్కిటెక్చర్ బొమ్మలు మేనేజర్లకి ఆ టకటకలే. దీనికి విరుగుడు పైసా ఖర్చు లేనిది: వేరే టీమ్ మనిషిని కూర్చోబెట్టి, స్లైడ్లు లేకుండా 60 సెకన్లలో విషయం చెప్పి, "ఏం అర్థమైందో నాకు తిరిగి చెప్పు" అనాలి. వాళ్లు చెప్పిన దాంట్లో మీ ముఖ్యమైన మాట లేకపోతే స్లైడ్లు తెరవకండి, ముందు ఆ మాట సరిచేసుకోండి.

ఇంకో మోసం. మొదటి రోజు గంటకి పైగా "మాటల ప్రభావం 7 శాతమే, గొంతు 38, శరీర భాష 55" అని స్క్రీన్ మీద పెట్టి పాఠం చెప్పారు. ఈ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త 1967లో చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చాయి. ఒక్కో విడి పదాన్ని రకరకాల గొంతులతో వినిపించి, ముఖాల ఫోటోలు చూపించి, ఆ మనిషికి ఇష్టమా కాదా అన్న భావం ఎలా తెలుస్తుందో చూశారు. ఇష్టాయిష్టాల గురించి చెప్పేటప్పుడు తప్ప ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే స్పష్టంగా అన్నారు. రోల్‌బ్యాక్ టైము 40 నిమిషాలని చేతులూపి చెప్పగలమా? కాస్త ఆలోచిస్తే తేలిపోయే మాట ఇది. ఏ కోర్సు ప్రకటనలోనైనా 55-38-7 కనబడితే, వాళ్లు మూలం చదవలేదని అర్థం. అక్కడే వెనక్కి వచ్చేయండి.

భయం గురించి కూడా "కాన్ఫిడెంట్‌గా ఉండండి" అనే తప్ప ఒక్క పనికొచ్చే మాట లేదు. గుండె దడ ఆపడం ఎవరి చేతిలోనూ ఉండదు. దాన్ని "భయం" అనకుండా "ఉత్సాహం" అని తనకు తాను పైకి అనుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారని పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో చూపించారు. మొదటి రెండు వాక్యాలూ ఆఖరి వాక్యమూ మాత్రం కంఠతా పట్టాలి. మధ్యలోది బట్టీ పట్టొద్దు, ఒక్క పదం మర్చిపోతే మొత్తం కుప్పకూలుతుంది. నిలబడి, గొంతు విప్పి, టైమర్ పెట్టుకుని కనీసం 3 సార్లు చెప్పాలి. మనసులో చదువుకుంటే 12 నిమిషాలు వచ్చింది పైకి చెప్తే 17 కూడా కావచ్చు, టైము దాటిపోయేది అక్కడే. 20 నిమిషాల స్లాటుకి 15, 16 నిమిషాలే తయారుచేసుకోవాలి.

ప్రశ్నల సమయం గురించి ఒక్క నిమిషం కూడా నేర్పలేదు. టెక్నికల్ వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. ప్రశ్న పూర్తిగా విని, అందరికీ వినబడేలా తిరిగి చెప్పి, ముందు ఒక్క వాక్యంలో జవాబు, తర్వాతే వివరం. తెలియకపోతే "ఆ అంకె నా దగ్గర లేదు, గురువారంలోగా పంపుతాను" అంటే చాలు. తెలిసినట్టు ఊహించి చెప్పిన అంకె ఒక్కటి తప్పైతే మిగతా అన్ని అంకెల మీదా నమ్మకం పోతుంది. లైవ్ డెమో మాటే ఎత్తలేదు. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) అక్షరాలు వెనక వరసకి కనబడేంత పెద్దవి చేయాలి, నోటిఫికేషన్లు ఆపాలి, నెట్ పోతే చూపించడానికి ముందే రికార్డు చేసిన వీడియో ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి.

ఇక లెక్క. రోజుకి 6 గంటల చొప్పున 2 రోజులు, 720 నిమిషాలు. 28 మందిలో మనిషికి 3 ప్లస్ 4, మొత్తం 7 నిమిషాలు. అంటే మేమంతా కలిసి మాట్లాడింది 196 నిమిషాలు. మిగతా 524 నిమిషాల్లో దాదాపు అంతా ట్రైనర్ మాట్లాడాడు, మేం విన్నాం. ఒడ్డున కూర్చోబెట్టి ఈత పాఠం చెప్పినట్టు. 8 మందే ఉంటే ఒక్కొక్కరు 4 సార్లు 5 నిమిషాలు మాట్లాడి, ప్రతిసారీ 7 నిమిషాల వ్యాఖ్యానం విన్నా 384 నిమిషాలే అవుతుంది, పాఠానికి ఇంకా 336 మిగులుతాయి. అంటే కుదరక కాదు. ఎక్కువ మందిని ఎక్కించుకోవాలని.

4 సార్లు స్టేజీ ఏదీ అని సాయంత్రం అడిగితే, చప్పట్ల ఆటలో పేరు చెప్పడమూ, గ్రూపుగా నిలబడి ఒక వాక్యం అనడమూ కలిపి లెక్క చెప్పారు. వీడియో ఏదంటే, 2 నిమిషాల ప్రచార వీడియో లింక్ వచ్చింది. మా ముఖాలు, వెనక సంగీతం, ఒక్కరి గొంతూ లేదు. మా అనుమతి కూడా అడగలేదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే "కోర్సు పూర్తి చేశారు కదండీ" అన్నారు. ఆ డేటాబేస్ ఇంజినీర్ మాత్రం ఏమీ అడగలేదు, బ్యాగ్ సర్దుకుని వెళ్లిపోయారు. ఆవిడ మీటింగ్ వచ్చే వారమే.

బ్యాచ్‌లో ఎంతమంది అని ముందే అడగకపోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నా. ప్రకటనలోని "4 సార్లు" అన్న మాట చూసి ఆగిపోయాను.

మీరు కట్టేముందు నాలుగు అడగండి. బ్యాచ్‌లో గరిష్ఠంగా ఎంతమంది? నేను నిలబడి మాట్లాడేది మొత్తం ఎన్ని నిమిషాలు? నా ఆఫీసు ప్రెజెంటేషన్ తెచ్చుకుని దాని మీదే పనిచేయొచ్చా? నా వీడియో పూర్తిగా, కత్తిరించకుండా నాకిస్తారా? జవాబులు ఫోన్లో వద్దు, రాతపూర్వకంగా తీసుకోండి. రాసివ్వకపోతే కట్టొద్దు.

ముందు తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే సభ్యులు ఒకరి ముందు ఒకరు ప్రసంగాలు సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులున్నాయి, 1924 నుంచి నడుస్తున్నాయి. సిద్ధం చేసుకున్న ప్రసంగం మామూలుగా 5 నుంచి 7 నిమిషాలు. 5 దగ్గర ఆకుపచ్చ, 6 దగ్గర పసుపు, 7 దగ్గర ఎరుపు దీపం. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద మాట్లాడటానికి వేరే భాగం ఉంటుంది, అది ప్రశ్నల సమయానికి మంచి సాధన. మీ ప్రసంగాన్ని ఒక మనిషి విని విశ్లేషిస్తారు. అక్కడ కూడా స్లైడ్లు సరిచేసేవాళ్లు దొరకాలని లేదు, ఆ పని మీ ఆఫీసులో వేరే టీమ్ మనిషితోనే చేయించుకోండి.

నిన్నటి బ్యాచ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ ప్రచార వీడియోలో మీ ముఖం తీసేయమని ఈరోజే మెయిల్ పెట్టండి. నేను పెట్టాను.