ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ: టీవీకి ఏది మేలు?

షాపుకెళ్తే నాలుగు రకాల టీవీలు ఉన్నట్టు చూపిస్తారు గానీ నిజానికి ఉన్నవి రెండే. ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ ఈ మూడూ ఎల్‌సీడీలే (లిక్విడ్ క్రిస్టల్ తెరలు), ఓఎల్‌ఈడీ ఒక్కటే వేరే. వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోంది అనేదొక్కటి పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమైపోతుంది.

ఏ స్క్రీనైనా బొమ్మని చుక్కలుగానే చూపిస్తుంది. 4కే టీవీలో అడ్డంగా 3840, నిలువుగా 2160, అంటే సుమారు 83 లక్షల పిక్సెల్స్, ఒక్కోదాంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు (కొన్ని ఓఎల్‌ఈడీల్లో తెలుపు కూడా ఉంటుంది). టీవీలో పసుపు చీర కనిపిస్తే అక్కడ పసుపు వెలుగేం ఉండదు, ఎరుపూ ఆకుపచ్చా కలిసి వెలుగుతుంటే మన కన్ను పసుపు అనుకుంటుంది, అంతే.

ఎల్‌సీడీలో ఆ ముక్కలకి సొంత వెలుగు లేదు. వెనకాల ఎల్‌ఈడీ లైట్లు వెలుగుతూ ఉంటాయి, ముందు రెండు పోలరైజర్ షీట్లు (ఒకే దిశలో ఊగే వెలుగుని మాత్రమే పోనిస్తాయి), వాటి మధ్య లిక్విడ్ క్రిస్టల్. వోల్టేజి మారితే క్రిస్టల్ అణువులు తిరుగుతాయి, దాన్నిబట్టి వెలుగు రెండో షీటు దాటి మన దాకా వస్తుందా, కొంచెమే వస్తుందా, ఆగిపోతుందా అనేది తేలుతుంది, అంటే ఒక్కో ముక్క కిటికీ రెక్కలాగా పనిచేస్తుందన్నమాట. ఈ లిక్విడ్ క్రిస్టల్ సంగతి బయటపడింది 1888లో, అదీ టీవీల కోసం కాదు, ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త క్యారెట్ల నుంచి తీసిన కొలెస్ట్రాల్ మీద పనిచేస్తూ, ఒక పదార్థం 145 డిగ్రీల దగ్గర మసకగా కరిగి మళ్ళీ 178 దగ్గర తేటగా మారడం చూశాడు, ఆ మధ్యలోని మసక ద్రవమే లిక్విడ్ క్రిస్టల్. నాకు ఈ కథ ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

చిక్కేంటంటే ఆ రెక్క పూర్తిగా మూసుకోదు, వెనక వెలుగు కొంచెం కారుతూనే ఉంటుంది, అందుకే రాత్రి సీన్లలో నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. ఎల్‌సీడీ ప్యానెళ్ళలో ముఖ్యంగా రెండు రకాలు, ఐపీఎస్, వీఏ. ఐపీఎస్ ప్యానెల్‌లో ఇది ఎక్కువ, కాంట్రాస్ట్ (తెలుపు వెలుగు నలుపుకి ఎన్ని రెట్లో ఆ లెక్క) 1000:1 చుట్టూ ఉంటుంది, కానీ పక్క నుంచి చూసినా రంగులు పాడవ్వవు. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది, 3000:1 పైనే వస్తుంది, పక్కకి జరిగితే మాత్రం వెలిసిపోతుంది. చాలామటుకు డబ్బా మీద ఏ ప్యానెలో రాయరు, షాపులో ఓ పక్కకెళ్ళి చూస్తే మీకే తెలిసిపోతుంది.

క్యూఎల్‌ఈడీ అంటే ఆ వెనక లైటుకి క్వాంటమ్ డాట్స్ అనే అతి చిన్న కణాల పొర కలిపారు, అవి నీలం వెలుగుని శుభ్రమైన ఎరుపు, ఆకుపచ్చగా మారుస్తాయి, రంగులు బాగుంటాయి (2023 కెమిస్ట్రీ నోబెల్ ఈ డాట్స్‌కే). నలుపు సమస్య మాత్రం దీంతో తీరదు. దాన్ని తీర్చడానికి మినీ ఎల్‌ఈడీ వచ్చింది, వెనక లైట్లని వందల జోన్లు చేసి చీకటి ఉన్నచోట తగ్గిస్తారు. చాలా తేడా వస్తుంది, కాకపోతే ఒక జోన్ కింద వేల పిక్సెల్స్ ఉంటాయి కాబట్టి నల్లటి తెర మీద తెల్ల సబ్‌టైటిల్ వస్తే చుట్టూ మసక వెలుగు కనిపిస్తుంది.

ఓఎల్‌ఈడీలో వెనక లైటే లేదు. కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో చూపించిన పద్ధతి ఇది, పల్చటి ఆర్గానిక్ (కార్బన్ పదార్థాల) పొరల్లోంచి కరెంటు పోతే అవే వెలుగుతాయి. నలుపు కావాలంటే ఆ పిక్సెల్ ఆరిపోతుంది, అంతకన్నా నలుపు ఇంకేముంటుంది! పక్క నుంచి చూసినా దాదాపు అదే బొమ్మ, క్రికెట్ బాల్ వెనక తోకలాంటి మసకా చాలా తక్కువ. బొమ్మ అందం ఒక్కటే చూస్తే ఓఎల్‌ఈడీకి సాటి లేదు, ఇందులో నాకు రెండో మాట లేదు.

కానీ ఆ పొరలు వాడేకొద్దీ అరుగుతాయి, నీలం అందరికన్నా ముందు అరుగుతుంది. ఒకేచోట ఒకే బొమ్మ గంటల తరబడి ఉంటే అక్కడ మచ్చ పడిపోయే ప్రమాదం ఉంది. మన తెలుగు న్యూస్ ఛానెళ్ళు చూడండి, మూల లోగో, కింద స్క్రోలింగు, పైన ఎర్ర పట్టీ, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా అలాగే ఉంటాయి. పెద్దవాళ్ళు రోజంతా వార్తలు పెట్టుకునే ఇంట్లో, అదీ ఎండ పడే హాల్లో, ఎక్కువ డబ్బు పోసి ఓఎల్‌ఈడీ కొనొద్దనే నేను గట్టిగా చెప్తా. తెర మొత్తం తెల్లగా ఉన్నప్పుడు దాని వెలుగు కూడా తగ్గిపోతుంది. అక్కడికి మినీ ఎల్‌ఈడీ మేలు, బడ్జెట్ లేకపోతే ఎదురుగా కూర్చునేవాళ్ళకి వీఏ, చుట్టూ కూర్చునేవాళ్ళుంటే ఐపీఎస్. రాత్రిపూట లైట్లార్పి సినిమాలు చూసే గదికి మాత్రం ఓఎల్‌ఈడీనే.

ఫోన్‌కైతే పెద్దగా ఆలోచించక్కర్లేదు, ఓఎల్‌ఈడీ తీసుకోండి, తెర ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది, డార్క్ మోడ్‌లో బ్యాటరీ కూడా మిగులుతుంది. తక్కువ వెలుగులో కొన్ని ఫోన్ల తెర వేగంగా ఆరి వెలుగుతుంటుంది, దానికి తలనొప్పి వచ్చేవాళ్ళుంటే కొనే ముందు బ్రైట్‌నెస్ తగ్గించి కాసేపు చదివి చూడాలి.

షాపుకెళ్ళేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఒక రాత్రి సీను, ఒక క్రికెట్ క్లిప్పు వేసుకెళ్ళండి. వాళ్ళు పెట్టే డెమో వీడియోలు పూలూ చిలకలే, వాటిలో ఏ టీవీ అయినా బాగుంటుంది. వివిడ్ మోడ్ (రంగులు మరీ కొట్టొచ్చేలా చూపించేది) తీయించి సినిమా మోడ్ పెట్టించి అప్పుడు చూడండి.