బరువు కరెక్టే, బీఎంఐ దగ్గరే తేడా: స్మార్ట్ వెయింగ్ మెషీన్ ఆరు నెలలు వాడాక

ఫోన్‌కి కనెక్ట్ అయ్యే ఈ వెయింగ్ మెషీన్ ఆరు నెలలుగా మా ఇంట్లో ఉంది. బరువు చూపించడంలో వంక పెట్టడానికి లేదు, గట్టి నేల మీద పెట్టి వెంటవెంటనే మూడుసార్లు ఎక్కి దిగినా అదే అంకె వస్తుంది. కార్పెట్ మీద పెడితే మాత్రం నమ్మకండి. నా బాధంతా ఆ బరువు తీసుకుని యాప్ చెప్పే బీఎంఐ గురించే, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూసే అంకె గురించే.

మొదటి రోజు ఎత్తు అడిగితే ఎప్పటినుంచో గుర్తున్న 170 సెంటీమీటర్లు కొట్టేశాను. బరువు 70 కిలోలు, బీఎంఐ 24.2, ఆకుపచ్చ రంగులో 'నార్మల్' అని వచ్చింది. నెల తర్వాత గోడకి ఆనుకుని నిలబడి, తల మీద అట్ట పుస్తకం పెట్టించుకుని, పెన్సిల్ గీత గీయించి టేపుతో కొలిస్తే 166 ఉంది. ఆ అంకె మార్చగానే 25.4, నారింజ రంగు, 'ఓవర్‌వెయిట్'! ఒంట్లో ఒక్క గ్రాము పెరగలేదు. బరువుని మీటర్లలో ఉన్న ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగిస్తే వచ్చేదే బీఎంఐ, కాబట్టి ఎత్తులో చేసిన తప్పు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. మెషీన్ కొన్నవాళ్లు ముందు ఎత్తు సరిగ్గా కొలుచుకోండి.

అసలు ఆ 24.2 కూడా నిశ్చింతగా ఉండాల్సిన అంకె కాదని తర్వాత తెలిసింది. ఈ యాప్ 18.5 నుంచి 25 లోపు నార్మల్, 25 నుంచి ఓవర్‌వెయిట్, 30 నుంచి ఊబకాయం అంటుంది. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులే. కానీ ఆసియా వాళ్లలో అంతకంటే తక్కువ బీఎంఐకే షుగర్, గుండె జబ్బుల ముప్పు కనిపిస్తోందని, 23, 27.5 అంకెలనూ గమనించుకోవాలని 2004లో ఆ సంస్థ నిపుణులే చెప్పారు. యాప్‌లో ఆ ఆప్షన్ ఎక్కడా లేదు, సెట్టింగ్స్ అంతా వెతికాను.

నాకు నిజంగా కోపం వచ్చింది మాత్రం మా అబ్బాయి విషయంలో. వాడికి 11 ఏళ్లు, ఎత్తు 140, బరువు 32.5, అంటే బీఎంఐ 16.6. ఆ వయసుకి చక్కగా సరిపోయే బరువే అది. యాప్ వయసు అడిగి మరీ తీసుకుని, పెద్దవాళ్ల లెక్కే వేసి ఎర్ర అక్షరాల్లో 'బరువు తక్కువ' అని చూపించింది. వాడు ఫోన్ పట్టుకుని వచ్చి "అమ్మా, నాకేమైనా జబ్బా?" అని అడిగాడు. పిల్లల బీఎంఐని వాళ్ల వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి గ్రోత్ చార్టులో చూడాలి, పెద్దవాళ్ల హద్దులు వాళ్లకి పనికిరావు. ఇంత చిన్న విషయం తయారీదారులకు తెలియదా! కస్టమర్ కేర్‌కి రాస్తే రెండు వారాలకి యాప్ అప్‌డేట్ చేసుకోమని జవాబు వచ్చింది. చేశాను, అదే ఎరుపు.

ఒంట్లో కొవ్వు శాతం కూడా చూపిస్తుంది. పాదాల గుండా అతి తక్కువ కరెంటు పంపి వేసే అంచనా అది, ఒంట్లో నీళ్లు ఎక్కువ తక్కువైతే అంకె మారిపోతుంది. నాకు ఒకే రోజు పొద్దున 31, సాయంత్రం 28 చూపించింది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ రకం మెషీన్ ఎక్కకూడదు. ఆ హెచ్చరిక మాన్యువల్ చివరి పేజీలో సన్నటి అక్షరాల్లో ఉంది, డబ్బా మీదే పెద్దగా వేయాల్సింది.

బీఎంఐకి కండ ఏదో కొవ్వు ఏదో తెలియదు. 19వ శతాబ్దంలో అడాల్ఫ్ క్వెటలే అనే బెల్జియం గణాంక శాస్త్రవేత్త ఈ లెక్క కనిపెట్టింది జనంలో సగటు మనిషి ఎలా ఉంటాడో చూడటానికి, ఒక్కొక్కరి ఆరోగ్యం తేల్చడానికి కాదు. అందుకే నేను టేపుతో నడుము కూడా కొలుస్తున్నాను, నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటకుండా చూసుకుంటున్నాను.

వారానికోసారి పొద్దున్నే ఒకే టైముకి బరువు చూసుకోవడానికైతే తీసుకోండి, గ్రాఫ్ బాగుంది. 5కి 3 ఇస్తున్నాను. మా వాడి ప్రొఫైల్ మాత్రం తీసేశాను.