ఫిల్మ్ నెగటివ్ స్కానింగ్: పొడిగానా, తడిపా?

పొడి పద్ధతికి స్కానర్‌తో వచ్చిన హోల్డర్ చాలు, దుమ్ము ఊది పెట్టేయడమే. తడి పద్ధతికి, అంటే ఫిల్మ్‌ను ద్రవంతో గాజుకు అంటించి స్కాన్ చేయడానికి, ప్రత్యేక ద్రవం, గాజు పలక, పైన కప్పే పారదర్శక షీటు, టేపు కావాలి.

పొడిలో ఫిల్మ్ వంగితే ఫోకస్ పోతుంది, గాజుకు తగిలితే న్యూటన్ రింగులు (రంగురంగుల వలయాల మరకలు). తడిలో ఫిల్మ్ చదునుగా అతుక్కుంటుంది. ద్రవం సన్న గీతల్లో నిండి వాటిని చాలావరకు కనబడనివ్వదు. బ్లాక్ అండ్ వైట్‌కు ఇదే అసలు లాభం: అందులోని వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి డిజిటల్ ఐస్ (ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము, గీతలు పట్టి చెరిపేసే స్కానర్ సదుపాయం) దానిపై సరిగ్గా పనిచేయదు.

కానీ తడిలో టెన్షన్ ఎక్కువ. ఒక్క బుడగ మిగిలినా మళ్లీ మొదటికే. ద్రవం త్వరగా నిప్పంటుకునే రకం, కిటికీలు తెరవాలి. నీళ్లతో కానిచ్చేద్దామనుకోకండి, ఎమల్షన్ (ఫిల్మ్‌పై బొమ్మ ఉండే పొర) ఉబ్బుతుంది!

రోలంతా చూసుకోవడానికి, వాట్సాప్‌లో పంపడానికి పొడి. గోడకెక్కే పెద్ద ప్రింటుకో, గీతలు పడ్డ తాతగారి ఒక్క నెగటివ్‌కో తడి.