సింగపూర్ నుంచి న్యూయార్క్: నేరుగా వెళ్లి, ఆగి వచ్చాం

సింగపూర్ నుంచి న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయానికి సుమారు 15,300 కిలోమీటర్లు. అంత దూరమూ ఎక్కడా ఆగకుండా వెళ్లే సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో అమ్మను తీసుకెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగే విమానం ఎక్కాం. డబ్బుకు ఇబ్బంది లేకపోతే నేరుగా వెళ్లడమే మేలని నాకు అనిపించింది.

డబ్బు మాట ఎందుకంటే, ఈ విమానంలో ఎకానమీ క్లాసే లేదు. ఇంత దూరం ఎగరాలంటే ఇంధనం ఎక్కువ కావాలి, బరువు తగ్గాలి. అందుకే ఈ ఎయిర్‌బస్ ఎ350లో 161 సీట్లే పెట్టారు. బిజినెస్‌లో 67, మిగతా 94 ప్రీమియం ఎకానమీ, అంటే ఎకానమీ కంటే కాస్త విశాలంగా, ఖరీదుగా ఉండే సీట్లు. ప్రీమియం ఎకానమీలో చివరి మూడు వరుసల్లో కిటికీ పక్కన ఒంటి సీట్లుంటాయి. ఒక్కరే వెళ్తుంటే వాటికోసం ప్రయత్నించండి. మేం జంట సీట్లు తీసుకుని అమ్మను నడవా వైపు కూర్చోబెట్టాను. ఎన్నిసార్లు లేచినా ఎవరినీ లేపే పని లేకపోయింది.

అర్ధరాత్రి దాటాక బయలుదేరి, 18 గంటలకు పైగా ఎగిరి దిగితే అక్కడ అదే తారీఖు, పొద్దున్నే! వేసవిలో న్యూయార్క్ సింగపూర్ కంటే 12 గంటలు వెనక, చలికాలంలో 13. ముందున్న తెర మీద చూస్తే మేం జపాన్ పక్కనుంచి పసిఫిక్ మీదికి వెళ్తున్నాం. నిజానికి దగ్గరి దారి ఉత్తర ధ్రువం వైపు ఉంది. కానీ పైన పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనకనుంచి తోస్తుంటే, కాస్త చుట్టు తిరిగినా త్వరగా చేరొచ్చు. అందుకే దూరాన్ని వేగంతో భాగించి ప్రయాణ సమయం లెక్క వేసుకోకండి. దారి ఏ రోజు గాలిని బట్టి ఆ రోజు మారుతుంది.

దిగాక ఊళ్లోకి వెళ్లే ఓపిక అమ్మకు లేదు. టెర్మినళ్ల మధ్య తిరిగే ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి 5వ టెర్మినల్ దగ్గరున్న టీడబ్ల్యూఏ హోటల్‌కి వెళ్లాం. టీడబ్ల్యూఏ అనే పాత అమెరికా ఎయిర్‌లైన్స్ కోసం ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ డిజైన్ చేసిన 1962 నాటి టెర్మినల్‌ను 2019లో హోటల్‌గా తెరిచారు. పగటిపూట కొన్ని గంటలకు కూడా గది ఇస్తారు. కిటికీలోంచి విమానాలు కనిపిస్తున్నా చప్పుడు మాత్రం గదిలోకి రాలేదు. అమ్మ నాలుగు గంటలు హాయిగా నిద్రపోయింది. ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగింది.

తిరుగు ప్రయాణం ఎ380లో. అందులో ఎకానమీ ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఏడు గంటల పైన, అక్కడ రెండు గంటల ఆగుడు, మళ్లీ పన్నెండు గంటలు. టికెట్ కొన్న సైట్ గాలిలో ఉండే గంటలే చూపించింది, ఆగే సమయం అందులో కలపలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేతిసంచులన్నీ పట్టుకుని దిగి మళ్లీ సెక్యూరిటీ చెకింగ్‌కి నిలబడాలని కూడా ఎవరూ చెప్పలేదు. లైన్ కదలక, టైమ్ అయిపోతుంటే నాకు టెన్షన్ పట్టుకుంది.

అమ్మను అడిగితే మాత్రం, మధ్యలో నేల మీద నడిచిన ఆ కాసేపటికే మోకాళ్లు తేలికపడ్డాయనీ, ఈసారి కూడా ఆగే విమానానికే టికెట్ తీయమనీ అంటోంది.