క్యాంపస్ కౌన్సెలరా, ఇండియా నుంచి వీడియో కాల్‌లో తెలుగు సైకాలజిస్టా: ఎంఎస్ విద్యార్థికి ఏది మేలు?

అమెరికాలో ఎంఎస్ చేస్తూ నిద్ర పట్టక, క్లాసుకు వెళ్లబుద్ధి కాక, ఎత్తితే గొంతులోనే అమ్మకు తెలిసిపోతుందని ఫోన్ కూడా ఎత్తకుండా ఉండేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. సాయం తీసుకోకూడదని వాళ్లకేమీ ఉండదు, ఎవరి దగ్గరికి వెళ్లాలన్న చోటే ఆగిపోతారు. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటరుకు వెళ్తే ఇంగ్లీషులో ఏడవాలి. ఇండియాలో ఎవరికైనా కాల్ చేద్దామంటే అవతల ఉన్నది నిజంగా చదువుకున్న సైకాలజిస్టో, ఇన్‌స్టాలో పుట్టిన లైఫ్ కోచో తెలియదు. నా ఉద్దేశం ముందే చెప్పేస్తున్నా: మొదటి అపాయింట్‌మెంట్ క్యాంపస్‌లోనే తీసుకోండి, తెలుగులో మాట్లాడే మనిషిని ఆ తర్వాత వెతుక్కోండి.

డబ్బు లెక్క త్వరగా తేల్చేద్దాం. చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ ఖర్చు మీరు ట్యూషన్‌తో పాటు కట్టిన హెల్త్ ఫీజులోనే ఉంటుంది, వెళ్లినా వెళ్లకపోయినా ఆ డబ్బు ఎలాగూ కట్టేశారు. బయట ప్రైవేటు థెరపిస్టు సెషన్‌కు 100 నుంచి 200 డాలర్లు మామూలు. ఇండియాలో సైకాలజిస్టు వీడియో సెషన్ సుమారుగా 1,000 నుంచి 2,000 రూపాయల్లో దొరుకుతుంది. అయితే క్యాంపస్‌లో ఫ్రీ కదా అని ఏడాదంతా వెళ్లడానికి కుదరదు. చాలాచోట్ల కొన్ని సెషన్లయ్యాక బయటివాళ్ల లిస్టు చేతిలో పెడతారు, పరీక్షల ముందు అయితే అపాయింట్‌మెంట్ కోసమే వారాలు ఆగాల్సి రావచ్చు. మీకు దొరికేది ఇంకా ట్రైనింగ్‌లో ఉన్న పీహెచ్‌డీ స్టూడెంట్ కూడా కావచ్చు, కానీ వాళ్ల పైన లైసెన్సున్నవాళ్లు ఉంటారు, కాబట్టి చిన్నపిల్ల కదా అని లేచి వచ్చేయకండి.

అసలు తేడా కాగితాల దగ్గర వస్తుంది, దీని గురించి మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ క్రెడిట్లు చేయాలి కదా, డిప్రెషన్‌లో ఉండి ఒక సబ్జెక్టు మోయలేక డీఎస్ఓకు (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారికి) చెప్పకుండా డ్రాప్ చేస్తే స్టేటస్‌కే ముప్పు. అదే అనారోగ్య కారణం చూపించి ముందుగా అనుమతి తీసుకుంటే క్రెడిట్లు తగ్గించుకోవచ్చు, అవసరమైతే ఆ సెమిస్టర్ ఒక్క క్లాసు కూడా లేకుండా ఉండొచ్చు. ఒక్కో డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు ఈ వెసులుబాటు ఉంది. దానికి ఎండీ లేదా డీఓ (ఆస్టియోపతిక్ వైద్యం చదివిన) డాక్టరు గానీ, లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టు గానీ ఉత్తరం ఇవ్వాలి, మామూలు కౌన్సెలర్ రాసింది సరిపోకపోవచ్చు, అందుకే ఎవరిది కావాలో ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే కనుక్కోండి. హైదరాబాద్‌లో ఉన్న సైకాలజిస్టు ఎంత గొప్పవారైనా ఇక్కడ పెద్దగా చేయగలిగింది ఉండదు, చాలా యూనివర్సిటీలు అమెరికాలో లైసెన్సున్నవాళ్ల ఉత్తరమే అడుగుతాయి.

కౌన్సెలింగ్‌కు వెళ్తే వీసా పోతుందని ఎవరో సీనియర్ చెప్పే ఉంటారు. పోదు. మీరు చెప్పిన మాటలు సెవిస్‌లోకి, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్‌లోకి, వెళ్లవు, 18 నిండాయి కాబట్టి మీ అనుమతి లేకుండా అమ్మానాన్నలకూ చెప్పరు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉన్నప్పుడు, పిల్లల మీద హింస జరిగినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, మొదటి సెషన్‌లోనే అవన్నీ చదివి సంతకం పెట్టించుకుంటారు.

ఇక భాష. ఇక్కడ క్యాంపస్ ఓడిపోతుంది, అందులో సందేహం లేదు. నలభై లక్షల లోన్‌కు ఊళ్లో పొలం తాకట్టు పెట్టారని, మేనమామ ష్యూరిటీ సంతకం చేశాడని, ఉద్యోగం రాకపోతే చెల్లి పెళ్లి ఆగుతుందని అమెరికన్ కౌన్సెలర్‌కు చెప్తే శ్రద్ధగానే వింటుంది, విని ఇంట్లోవాళ్లతో కాస్త దూరం పాటించి చూడమంటుంది. ఆ గంటలో సగం మన చుట్టరికాలు వివరించడానికే పోతుంది. తెలుగు సైకాలజిస్టుకు ఇదంతా చెప్పనక్కర్లేదు. కాకపోతే ఇటువైపూ ఒక చిక్కుంది, కొందరు రెండో సెషన్‌కే పెద్దమ్మలా మారిపోయి "అమ్మానాన్న ఎంత కష్టపడి పంపారో ఆలోచించు" అని మొదలుపెడతారు, అసలు నిద్ర పట్టనిదే ఆ ఆలోచనతో. అలాంటివాళ్లను మార్చేయండి, మొహమాటం వద్దు. ఎంచుకునేటప్పుడు క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవాళ్లను ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఇవ్వడానికి తడబడితే అక్కడితో ఆపేయండి. టైమ్ అయితే పెద్ద సమస్య కాదు, వేసవిలో డల్లాస్‌లో రాత్రి 9 అయితే అక్కడ మర్నాడు ఉదయం 7:30.

రూమ్మేట్లు, సీనియర్లు మూడో దారి అంటారా? అన్నం వండిపెట్టడానికి, క్లాసుకు లాక్కెళ్లడానికి వాళ్లను మించినవాళ్లు లేరు, కానీ రహస్యం మాత్రం వాళ్ల దగ్గర నిలవదు, వారం తిరక్కుండా మీ ఊళ్లో తెలుస్తుంది.

ప్రమాదం ముంచుకొచ్చిన రాత్రి మాత్రం పోలిక అనవసరం. చచ్చిపోవాలనిపిస్తుంటే ఇండియా కాల్ కోసం చూడకండి, ఆ మనిషి మీ తలుపు దగ్గరికి ఎవరినీ పంపలేరు. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, 2022 జులై నుంచి అమెరికా అంతటా ఇదే నంబరు, ఇంగ్లీషు కష్టమైతే ఫోన్‌లోకి అనువాదకుణ్ని కలపమని అడగొచ్చు. చాలా కౌన్సెలింగ్ సెంటర్లకు రాత్రిపూట లైన్ కూడా ఉంటుంది.

మందులు అవసరమైతే క్యాంపస్ హెల్త్ సెంటరులోనే అడగండి. పచ్చళ్ల పార్సిల్‌లో మాత్రలు తెప్పించుకునే పద్ధతి వద్దు, కస్టమ్స్‌లో ఆగిపోతే కోర్సు మధ్యలో మానేసినట్టవుతుంది, డోసు ఎక్కువైందో తక్కువైందో చూసేవాళ్లూ ఉండరు.

ఇంకొక్కటి, సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కు వేరే రాష్ట్రం వెళ్తున్నారా? థెరపిస్టు లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మీ క్యాంపస్ కౌన్సెలర్ అక్కడున్న మీతో వీడియోలో కూడా సెషన్ చేయలేకపోవచ్చు. తెలుగు సైకాలజిస్టుతో సెషన్లు మొదలుపెట్టాలనుకుంటే ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి, జూన్ నాటికి అలవాటు అయి ఉంటారు.