పొట్టి శిలువ పెన్నీనా, పొడుగు శిలువ పెన్నీనా?

మధ్యయుగపు ఇంగ్లండ్ వెండి నాణెం ఒక్కటి కొనాలంటే పోటీ ఎక్కువగా ఈ రెండింటి మధ్యే. రెండూ సుత్తితో కొట్టి అచ్చువేసిన పెన్నీలే, వెనకవైపున్న శిలువ బొమ్మను బట్టే ఆ పేర్లు. బరువు సుమారు 1.4 గ్రాములు, వెండి 92.5 శాతం.

పొట్టి శిలువను 1180లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ తెచ్చాడు. తమాషా ఏమిటంటే రిచర్డ్, జాన్ గద్దెనెక్కినా నాణెం మీద ‘హెన్రికస్’ (లాటిన్‌లో హెన్రీ) పేరే ఉంది. జాన్ కాలపుదని తేల్చాలంటే జుట్టు ఉంగరాలు, అక్షరాల తీరు పట్టిపట్టి చూడాల్సిందే. పజిల్స్ ఇష్టమైతే ఇదే కొనండి.

పొట్టి శిలువ అంచుదాకా రాకుండా మధ్యలోనే ఆగడంతో అంచులు కత్తిరించి వెండి కాజేసేవాళ్లకు పండగైంది. అందుకే 1247లో మూడో హెన్రీ శిలువ చేతుల్ని అంచుదాకా సాగదీయించాడు. శిలువ కొస తెగితే దొంగతనం బయటపడుతుందన్నమాట. అయినా కత్తెరలు ఆగలేదనుకోండి!

నా ఓటు పొడుగు శిలువకే. భూతద్దం పెడితే జంటగీతల శిలువ అక్షరాల్ని నాలుగు ముక్కలు చేసి కనిపిస్తుంది: నిక్, ఓలె, ఆన్‌ఎల్, ఉండ్. కలిపితే ‘లండన్‌లో నికోల్’, అంటే అచ్చువేయించినవాడి పేరు, ఊరు. చిల్లర కావాలంటే ఆ గీతల వెంటే సగానికి, పావుకి కోసేవారు. బడ్జెట్ తక్కువైతే ఆ కోత ముక్కలే వెతకండి.