విల్లుపాట్టు: ఊరి గుడిలో చూడాలా, స్టేజీ మీదా?

నన్నడిగితే తమిళ విల్లుపాట్టు, అదే విల్లు వాయిస్తూ కథ పాడి చెప్పే కళ, దాని అసలు రుచి తిరునల్వేలి, నాగర్‌కోయిల్ వైపు ఊరి గుళ్ల కొడై జాతరలోనే, సుడలై మాడన్ అనే గ్రామదేవుడి కథ రాత్రంతా నడుస్తుంది, గజ్జెలు కట్టిన పెద్ద విల్లుని కుండకి ఆనించి కర్రలతో కొడుతుంటే ఘల్లుఘల్లుమంటది, కథ ముదిరేసరికి జనానికి పూనకాలే. కాకపోతే జాతరలైపోయాక పాడేవాళ్లకి పని తగ్గిపోద్ది.

స్టేజీ సంగతి వేరు. సుబ్బు ఆరుముగం గారు 1928లో అటువైపే పుట్టి, పాతకాలం తమిళ సినిమా హాస్యనటుడు ఎన్.ఎస్.కృష్ణన్ పిలిస్తే మద్రాసొచ్చి, గాంధీ కథ కూడా విల్లు మీద చెప్పేశారు, 2021లో పద్మశ్రీ. ఇందులో టైం తక్కువ, జోకులెక్కువ, పూనకం ఉండదు. పక్కన వంత పాడేవాళ్ల "ఆమా" (అవును) మాత్రం రెండిట్లోనూ ఉంటది, మన బుర్రకథలో "తందాన తాన" లాగా. కొత్తవాళ్లు స్టేజీదే ముందు చూడండి, జాతరకి ఓపిక కావాలి.